పల్లవి తిరిగి వచ్చేదాకా

అందరికీ నమస్కారం.

వచ్చే గురువారం అమెరికా వాళ్ళ థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటలకి న్యూయార్క్‌లో క్యూ104.3 రేడియో స్టేషన్ పెడితే పద్దెనిమిదిన్నర నిమిషాల పాట ఒకటి వస్తుంది. అదే పాటని అమెరికాలో ఎన్నో స్టేషన్లు ఏటా ఆ పండక్కి వేస్తాయి. అమెరికన్ జానపద గాయకుడు ఆర్లో గత్రీ పాడిన ‘ఆలిసెస్ రెస్టరెంట్’.

పాడిన అన్నాను గానీ, చెప్పిన అనాలి. గిటార్ మీద ఒకే వరస తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఆయన మాట్లాడుతూ పోతాడు. బుర్రకథ విన్నవాళ్ళకి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. మన దగ్గర హాస్యం చెప్పే వంత ఒకరు, రాజకీయం చెప్పే వంత ఇంకొకరు. ఇక్కడ కథకుడితో కలిపి ఆ మూడు పనులూ ఒక్కడే చేస్తాడు.

కథ 1965 థాంక్స్‌గివింగ్ నాటిది, జరిగిందే. మాసచూసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో ఆలిస్ బ్రాక్, ఆమె భర్త రే ఒక పాత చర్చిని కొనుక్కుని అందులో కాపురం ఉండేవారు. ఆలిస్ అంతకుముందు ఆర్లో చదివిన స్కూల్లో లైబ్రేరియన్. పండగ భోజనానికి వెళ్ళిన ఆర్లోకి అప్పుడు 18 ఏళ్ళు. చర్చిలో పేరుకుపోయిన చెత్తని వ్యాన్‌లోకి ఎత్తుకుని స్నేహితుడితో కలిసి ఊరి చెత్త పోసే డంప్‌కి వెళ్తే, పండగని దాన్ని మూసేశారు. స్టాక్‌బ్రిడ్జ్‌లో ఒక వాలు కింద పారబోసి వచ్చేశారు. పోలీస్ చీఫ్ విలియం ఓబన్‌హైన్ ఆ చెత్తలో దొరికిన కాగితం మీది పేరు పట్టుకుని వాళ్ళని కనిపెట్టాడు. తలా 25 డాలర్ల జరిమానా, ఆపైన పోసిన చెత్త ఎత్తే పని.

పాటలో పోలీసులు 27 కలర్ ఫోటోలు తీస్తారు. ఒక్కోదాని మీద గుండ్రాలు, బాణం గుర్తులు, వెనక ఒక పేరా వివరం. తీరా కోర్టులోకి జడ్జి గారు కుక్క సాయంతో నడిచి వస్తారు. ఆయనకి చూపు లేదు. ఇది నవ్వించడానికి కల్పించింది కాదు, జడ్జి జేమ్స్ హానన్‌కి నిజంగానే చూపు లేదు.

అక్కణ్ణించి కథ వియత్నాం యుద్ధానికి మళ్ళుతుంది. ఆర్లో సైన్యంలోకి పిలుపొచ్చి, న్యూయార్క్ వైట్‌హాల్ వీధిలో పరీక్షలకి వెళ్తాడు. ఎప్పుడైనా అరెస్టయ్యావా అంటే చెత్త సంగతి చెప్తాడు. దానికి పెద్ద పెద్ద నేరాలు చేసినవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, నువ్విప్పుడు మారావా అని అడుగుతారు. ఊళ్ళు తగలబెట్టడానికీ, ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపడానికీ పంపబోతూ, చెత్త పోసిన నన్ను మంచివాడినయ్యానా అని అడుగుతున్నారా అంటాడు. నాకు ఈ పాట ప్రాణం అక్కడే ఉంది. పండగ వంటకి టర్కీ కోడి ఓవెన్‌లో ఉడుకుతుండగా ప్రతి ఇంటి వంటింట్లోనూ ఆ ప్రశ్న వినబడాలని నా కోరిక.

రికార్డు కన్నా ముందు రేడియోనే దీన్ని జనంలోకి తెచ్చింది. 1967లో న్యూయార్క్ డబ్ల్యూబీఏఐలో బాబ్ ఫాస్ అర్ధరాత్రి కార్యక్రమం నుంచి ఇది పాకింది. శ్రోతల చందాలతో నడిచే స్టేషన్ అది. ఈ పాట మళ్ళీ వేయండని జనం డబ్బులిచ్చేవాళ్ళు. ఆల్బమ్ ఆ ఏడాదే తర్వాత వచ్చింది. ఆ అక్టోబర్ 3నే ఆర్లో తండ్రి, మహా జానపద గాయకుడు వుడీ గత్రీ చనిపోయాడు. గిటార్ వాయిస్తూ కథ మాట్లాడే ఆ పద్ధతి తండ్రిదీను.

మా చిన్నప్పుడు శ్రీరామనవమికి ఆకాశవాణిలో భద్రాచలం కల్యాణం, ఉషశ్రీ గారి వ్యాఖ్యానం. వడపప్పు కలుపుతున్న మా అమ్మ జీలకర్ర బెల్లం ఘట్టం రాగానే చెయ్యి ఆపేసేది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక స్నేహితుడి ఇంటికి పండగ భోజనానికి వెళ్తే, వాళ్ళ మామగారు ఇంటి ముందు కారులోనే కూర్చుని ఉన్నారు. లోపలికి రండి అంటే, వేలు చూపించి ఆగమన్నారు. రేడియోలో ఈ పాట. నాకు అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఫోన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే పాట కోసం ఆయన అలా ఎందుకు కూర్చున్నారో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆలిస్ బ్రాక్ 2024 నవంబర్ 21న పోయారు. సరిగ్గా వారానికి థాంక్స్‌గివింగ్. ఆ మధ్యాహ్నం పాటలో ఆమె పేరు వచ్చినప్పుడల్లా నా గొంతు పట్టేసింది.

పాట చివర్లో ఆర్లో శ్రోతల్ని గొంతు కలపమంటాడు. గిటార్ మీద పల్లవి తిరిగి వచ్చేదాకా ఆగుదాం అంటాడు. ఇప్పుడు వేస్తున్నాను. దయచేసి మధ్యలో ఎవరూ లేవకండి.