అరిసెల పాకం, మా ఇంటి నవ్వులు

అందరికీ నమస్కారం. సంక్రాంతి పిండివంటల గురించి మాట్లాడమన్నారు. నేను వాటిని వండేటప్పుడు వేసుకునే జోకుల గురించి చెబుతాను, మా ఇంట్లో పండగంటే ముందు గుర్తొచ్చేవి అవే.

మాది తూర్పుగోదావరి. భోగికి రెండు రోజుల ముందే 5 కిలోల బియ్యం నానబోసేవాళ్ళు. ఒక రోజంతా నీళ్ళు మారుస్తూ నాననిచ్చి, వడేసి, తడి ఆరకుండానే పిండి పట్టించి జల్లించాలి. అసలు అరిసెలు ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదండీ. పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఉండలు కట్టకుండా తిప్పాలి, ఒకరు అరిటాకు మీద నెయ్యి రాసి వత్తాలి, ఒకరు వేయించాలి, నూనెలోంచి తీసినదాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి మరొకరు నొక్కాలి. ఇంతమంది పొయ్యి చుట్టూ మూడు గంటలు కూర్చుంటే నవ్వులు వాటంతటవే వస్తాయి.

మా బాబాయి మాత్రం హాల్లో టీవీ ముందు కూర్చునే జోకులేసేవాడు. ఒక ఏడాది పాకం మా పెద్దమ్మ పట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే, వేళ్ళతో దగ్గరికి తీసినప్పుడు మెత్తటి ఉండ కావాలి. సుమారు 115 డిగ్రీల దగ్గర అలా వస్తుంది, అక్కణ్ణుంచి నీరు ఇంకేకొద్దీ గట్టిపడిపోతుంది. ఆవేళ గుమ్మంలో ఎవరో పిలిస్తే అటు వెళ్ళొచ్చింది, అంతే, ఉండ పళ్ళేనికేసి కొడితే ఠంగుమంది. అది వేరుశెనగ అచ్చుకి పనికొచ్చే పాకం. బాబాయి ఒక అరిసె కొరికి, "వదినా, సుత్తి ఉందా?" అన్నాడు. అందరం నవ్వాం. పెద్దమ్మా నవ్వింది గానీ, ఆ పళ్ళెం తీసుకెళ్ళి లోపల పెట్టేసి, భోజనానికి అందరికంటే చివర కూర్చుంది. నాకది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పొయ్యి దగ్గర చెమటోడ్చినవాళ్ళ మీద జోకు వెయ్యాలంటే, ముందు పక్కన కూర్చుని గరిటె తిప్పాలి. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగానే చెబుతాను.

మా నానమ్మకీ అలాగే అనిపించినట్టుంది. మరుసటి ఏడు టీవీ కట్టేసి, గరిటె బాబాయి చేతిలో పెట్టి, "ఈసారి పాకం నువ్వు పట్టరా" అంది. లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు. చుక్క వెయ్యడం, ఉండ చెయ్యడం, నోట్లో వేసుకోవడం. అవతల అమెరికా నుంచి అత్త వీడియో కాల్లో "వచ్చిందా? వచ్చిందా?" అని ఒకటే టెన్షన్. ఎక్కడ ముదిరిపోతుందోనని బాబాయి తొందరపడి దించేశాడు. లేత పాకం. మొదటి అరిసె నూనెలో వెయ్యగానే విచ్చిపోయి పిండి పిండిగా పైకి తేలింది.

పెద్దమ్మ ఆ ముక్కలన్నీ చిల్లుల గరిటెతో నెమ్మదిగా దేవి, గిన్నెలో వేసి, బాబాయి ముందు పెట్టింది.

"మరిదిగారూ, పోయినేడు సుత్తి అడిగారు. ఈసారి చెంచా ఇమ్మంటారా?"

నానమ్మ చేతిలో చెక్కలు కింద పెట్టేసి మరీ నవ్వింది. బాబాయి చెంచా అడిగి తీసుకుని గిన్నె ఖాళీ చేశాడు, ఆ తర్వాత ఏ ఏడూ పాకం పట్టే పని ఇంకెవరికీ ఇవ్వలేదు.