సున్నపురాయిని నొక్కి చూశారా?

అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, పిల్లలకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురు గాని, నాకిచ్చింది పావుగంటే.

మీ కాళ్ళ కింద పరిచినవి బేతంచెర్ల బండలు. సున్నపురాయి. అందులో ప్రధానంగా ఉండేది కాల్సైట్, అంటే కాల్షియం కార్బనేట్. ప్రాక్టికల్స్‌లో దానితో ఏం చేయిస్తున్నాం? ఆమ్లం చుక్క వేయి, పొంగిందా, రాసుకో, తర్వాతి రాయి పట్టుకో. నొక్కితే ఏమవుతుందని ఏ పిల్లవాడూ అడగడు. మనం అడగనివ్వం.

అమెరికా భౌతికశాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ నొక్కారు. ఆయన సంగతి కాస్త చెప్పనివ్వండి. అంతకుముందు పీడనం పెంచుతూ పోతే సీలు దగ్గర ద్రవం కారిపోయేది. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ తనంతట తానే బిగుసుకునే సీలు ఆయన కనిపెట్టారు. పరికరాలు చాలావరకు స్వయంగా చేసుకునేవారు. స్వయంగా, పిల్లలూ! 1946లో నోబెల్ వచ్చింది.

1939లో ఆయన ప్రచురించిన కొలతల్లో మన కాల్సైట్ ఉంది. సుమారు 1.5 గిగాపాస్కళ్ల దగ్గర, అంటే గాలి పీడనానికి దాదాపు 15,000 రెట్ల దగ్గర, దాని ఘనపరిమాణం ఉన్నట్టుండి తగ్గింది. ఇంకా నొక్కితే మళ్ళీ తగ్గింది. మొదటిసారి తగ్గినప్పుడు అది రెండో రూపం కాల్సైట్ అవుతుంది. అప్పుడు లోపల జరిగేదేమిటంటే, కార్బన్ చుట్టూ మూడు ఆక్సిజన్లతో త్రికోణాలుంటాయి. అవి ఒకటి ఇటు, ఒకటి అటు కొద్దిగా తిరుగుతాయి, కాల్షియం కొద్దిగా జరుగుతుంది. త్రికోణం మాత్రం చెదరదు. వేడి కూడా తోడైతే దారి వేరు, అరగొనైట్ అవుతుంది, అదే కాల్షియం కార్బనేట్, మరో ఖనిజం. సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.71 గ్రాముల నుంచి 2.93కి పెరుగుతుంది.

అరగొనైట్ కొన్నిచోట్ల రాళ్ళలో మిగిలి మనకు దొరుకుతుంది. ఆ రెండో రూపం కాల్సైట్ దొరకదు. పీడనం తీయగానే మామూలు కాల్సైట్ అయిపోతుంది. సుత్తి పట్టుకుని కొండలన్నీ తిరిగినా కనపడదు, నొక్కుతూనే చూడాలి. మెరిల్, బాసెట్ అనే శాస్త్రవేత్తలు అలాగే చూసి 1975లో నిర్మాణం వెల్లడించారు. భూమిలో ఇంకా లోతుకు, కోర్ అంచు దాకా వెళ్తే కార్బన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చేరతాయి. మూడు కాదు, నాలుగు! సిలికాన్‌లాగా ప్రవర్తిస్తుంది. సముద్రపు అడుగు పలకలతో కిందికి దిగిన కార్బన్ ఏ రూపంలో దాగుతుందో తెలియాలంటే ఇదంతా కావాలి.

నేను పనిచేసిన ఒక కాలేజీలో భూగర్భశాస్త్ర విభాగం మూసేశారు. ఖనిజాల ట్రేలు వరండాలో కుమ్మరించారు. కాల్సైట్ ముక్కలు పూలమొక్కల చుట్టూ అంచుగా పేర్చారు. ఈ మాట ఎక్కడికి పిలిచినా చెప్తాను, చెప్తూనే ఉంటాను. ప్రిన్సిపాల్ గారూ, మీ దగ్గర ఖనిజాల గది ఇంకా ఉంది. దయచేసి తాళం తీయించండి, సోమవారమే తీయించండి.

పిల్లలూ, బల్ల మీద పరమాణువుల అమరిక చూపే రెండు నమూనాలు పెట్టాను, లేచి రండి. కాల్సైట్‌లో కాల్షియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు. అరగొనైట్‌లో ఎన్నో మీరే లెక్కపెట్టి చెప్పండి.