మన పూర్ణానికి క్యోటోలో చుట్టాలు | జపాన్ స్వీట్స్ రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈరోజు జూన్ 30, నేను క్యోటోలో ఉన్నాను, ముందు మూడు స్వీట్లు పెట్టుకుని కూర్చున్నాను. వీటిని వగాషి అంటారు. మీలో చాలామంది అడిగేది ఒకటే, "అవి చప్పగా ఉంటాయంట కదా" అని. ఆ మాటే తేల్చేద్దాం.

ముందు మినాజుకి. ఇదిగో దగ్గరగా చూడండి, తెల్లటి త్రికోణం ముక్క, పైన ఎర్రటి అజుకి గింజలు. ఏడాదిలో సగం గడిచిన రోజని ఇవాళ ఇక్కడి గుళ్ళలో శుద్ధి పూజలాంటిది చేస్తారు, ఇది తింటారు. పూర్వం ఎండాకాలంలో ఐసు అంటే రాజుగారి ఇంటికే, మామూలు జనానికి ఎక్కడిది, అందుకని ఐసు ముక్క ఆకారంలో ఇది చేసుకునేవాళ్ళంట, గింజలేమో చెడు పోవడానికి. బియ్యప్పిండిలో పంచదార కలిపి ఆవిరి మీద ఉడికించడమే. నాకైతే వినాయక చవితి కుడుము గుర్తొచ్చింది, కాకపోతే ఇది ఇంకాస్త సాగుతుంది.

ఇది వరాబిమోచి. ప్లేటు కదిపితే ఎలా వణుకుతుందో చూశారా, నోట్లో అచ్చం లేత తాటిముంజే! పైన వేయించిన సోయా పిండి, దాని పేరు కినాకో, ఆ కమ్మటి వాసన సున్నుండల డబ్బా మూత తీసినట్టే ఉంటుంది, మీద నల్లబెల్లం పాకం పోస్తారు. అసలైన వరాబి పిండి ఒక రకం ఫెర్న్ వేళ్ళ నుంచి తీస్తారు, చాలా ఖరీదు, అందుకే చవకవాటిలో వేరే దుంపల పిండి వాడతారు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, గట్టిపడిపోతుంది.

ఇక నెరికిరి. తెల్ల చిక్కుడు జాతి గింజలు ఉడికించి, పంచదారతో దగ్గరపడేదాకా కలిపి, ఆ ముద్దని చేత్తో హైడ్రేంజియా పువ్వులా మలిచారు, ఇప్పుడు ఆ పూల సీజనే. లోపల కూడా గింజల ముద్దే, అంటే మన బూరెల్లో పూర్ణమే అనుకోండి, నెయ్యి, యాలకులు లేవు అంతే. ఇక్కడే అందరం పొరపాటు చేస్తాం, నేనూ మొదటిసారి మచ్చా, అంటే పొడి చేసిన గ్రీన్ టీ, తాగుతూ మధ్యమధ్యలో కొరికాను, రెండూ నచ్చలేదు. ముందు స్వీటు మొత్తం తినేయాలండి, ఆ తీపి నోట్లో ఉండగానే చేదు మచ్చా తాగాలి, అప్పుడు ఆ చేదు ఎంత కమ్మగా దిగుతుందో! చప్పగా లేవు, మచ్చాకి సరిపడా తీపి అంతే.

నిన్న ఇమామియా గుడి దగ్గర అబురి మోచి కూడా తిన్నా, వెదురు పుల్లలకి బొటనవేలంత మోచి, అంటే జిగురు బియ్యం ముద్ద, గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, తెల్ల మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, దాని పాకంలో ముంచి ఇస్తారు. అక్కడ ఒక కొట్టు 1000వ సంవత్సరం నుంచి ఉందని చెప్తారు. నా ఫస్ట్ ర్యాంక్ దానికే, ఆ మాడిన అంచు కోసం మళ్ళీ వెళ్తా. పిల్లలకి, పెద్దవాళ్ళకి పెడితే మాత్రం చిన్న ముక్కలు చేసి పెట్టండి, మోచి గొంతులో అడ్డం పడుతుంది.

ఇవేవీ ఇండియా దాకా ఆగవు. ఇంటికి తీసుకెళ్ళాలంటే సీల్ చేసిన యోకాన్, అంటే గింజల ముద్దతో చేసే గట్టి జెల్లీ కడ్డీ, కొనండి, బయటే నెలలపాటు ఉంటుంది. మా అమ్మకి రెండు కడ్డీలు తీసుకున్నాను.