ఎకరం చెలకకు హైటెన్సైల్ తీగ కంచె: గొర్రెలు, మేకల కోసం

[తెర మీద: ఎర్ర చెలక. రాతి కడీల మధ్య ముండ్ల తీగ వేలాడుతోంది. ఒక మేక రెండు తీగల మధ్య తల దూర్చి అవతలి కందిచేనులోకి దాటిపోతుంది.]

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇది రోజూ కనిపించే సంగతే. కడీలు నిటారుగానే ఉంటాయి, తీగ ఐదు వరుసలు ఉంటుంది, మేక మాత్రం పక్కోళ్ల చేనులో ఉంటుంది. ముండ్ల తీగ మెత్తని ఇనుము. బర్రె ఒకసారి ఒరిగితే సాగుతుంది, సాగింది మళ్లీ వెనక్కి రాదు. ముల్లు మేకను ఆపదు, పొదుగు చీరుతుంది.

హైటెన్సైల్ తీగకు ముళ్లుండవు. మందం 2.5 మిల్లీమీటర్లు, అంగడిలో పన్నెండున్నర గేజి అంటారు. అదే మందం ఉన్న మామూలు జీఐ తీగ 200 కిలోల పైచిలుకు లాగుడుకే తెగితే, ఇది 600 కిలోల దాకా ఆగుతుంది. బర్రె ఒరిగితే వంగుతుంది, బర్రె పోగానే మళ్లీ బిగుసుకుంటుంది. ఈ గుణం పనిచేయాలంటే తీగ ఎప్పుడూ బిగువు మీద ఉండాలి. ఒక్కో తీగకు 100 కిలోల బిగువు. ఎనిమిది తీగలకు 800 కిలోలు. ఆ బరువంతా మూల స్తంభం మీద రాత్రింబగళ్లు, ఏళ్ల తరబడి పడుతుంది. అందుకే ఈ వీడియోలో సగం మూలల గురించే.

[తెర మీద: ఎకరం పటం. 209 అడుగులు × 209 అడుగులు. ఒక మూలకు ఆనుకొని 12 అడుగుల గేటు.]

ముందు లెక్క. ఎకరం చతురస్రంగా ఉంటే చుట్టుకొలత 836 అడుగులు, అంటే 255 మీటర్లు. గేటు నడిమిలో పెట్టకండి, ఒక మూలకు ఆనించండి. నడిమిలో పెడితే ఆ వైపు తీగ రెండు ముక్కలై, బిగించే సామాను, ఊత స్తంభాలు రెట్టింపవుతాయి.

లావు సిమెంటు స్తంభాలు, 6 అంగుళాల చదరం, 8 అడుగుల పొడవు: 13. నాలుగు మూలలకు నాలుగు, గేటు అవతలి పక్కకు ఒకటి, ఊతకు ఎనిమిది. మధ్య కడీలు, ఆరున్నర అడుగులవి: 47. ఒక్కోటి 15 అడుగుల దూరంలో. తీగ: 85 కిలోలు. ఈ తీగ కిలోకు 26 మీటర్లు వస్తుంది, కాబట్టి అది 2,200 మీటర్లు, తరుగుతో కలిపి. టైట్నర్లు 32, నొక్కే స్లీవులు 200. అడ్డ పైపులు, రెండించుల జీఐ, 8 అడుగులవి: 8. సిమెంటు 8 బస్తాలు.

తీగ కొనేటప్పుడు రెండు మాటలు అడగాలి. హైటెన్సైలేనా, జింకు పూత ఎంత? చదరపు మీటరుకు 240 గ్రాముల పూత ఉన్నది దొరికితే అదే తీసుకోండి. పూత పలుచగా ఉంటే కొన్నేండ్లకే తుప్పు మొదలవుతుంది. హైటెన్సైల్ అవునా కాదా చేత్తోనే తెలుస్తుంది. అడుగు ముక్కను విల్లులా వంచి వదలండి. తిరిగి నిటారుగా లేస్తే అదే. వంగినట్టే ఉండిపోతే అది బైండింగ్ వైరు జాతి.

[తెర మీద: మూల దగ్గర తవ్వుతున్న గుంత. టేపు 3 అడుగులు చూపిస్తోంది.]

ఇప్పుడు మూల. రాతి కడీని మూలకు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. రాయి పైనుంచి పడే బరువుకు గట్టిది, పక్క నుంచి లాగితే పెళుసు. నాలుగించుల కడీ 800 కిలోల లాగుడుకు నేల మట్టం దగ్గర పటుక్కున విరుగుతుంది. ఆరించుల కడీలో కూడా కంటికి కనబడని చార ఉంటే అంతే. రాళ్లను మధ్య కడీలకు వాడుకోండి, అక్కడ అవి బంగారం. మూలకు లోపల ఇనుప రాడ్లున్న సిమెంటు స్తంభమో, నాలుగించుల జీఐ పైపో పెట్టాలి.

గుంత ఒకటిన్నర అడుగు వెడల్పు, 3 అడుగుల లోతు. చెలకల్లో సాధారణంగా అడుగున్నర కింద మొరం తగులుతుంది. గడ్డపారతో దిగితే మొరం మంచి పట్టునిస్తుంది. బండ తగిలి అంతకు మించి దిగకపోతే సగం లోతులో స్తంభం నిలిపేసి సరిపెట్టకండి. బండకు రంధ్రం వేయించి 20 ఎంఎం రాడ్లు రెండు సిమెంటు పాలతో దించి, వాటిని స్తంభం చుట్టూ పోసే కాంక్రీటులో కలపాలి. నల్లరేగడి అయితే ఇబ్బంది ఇంకో తీరు. ఎండాకాలం నేల పగులు తీసి స్తంభం చుట్టూ ఖాళీ వదులుతుంది, వానకు ఉబ్బి స్తంభాన్ని నెడుతుంది. అక్కడ తవ్విన మట్టినే తిరిగి పోయవద్దు. గుంత అడుగుభాగం నుంచి కాంక్రీటు, పైన మొరం కూరి దిమ్మిసతో కొట్టాలి. ఒక్కో గుంతకు అర బస్తా కంటే కొంచెం ఎక్కువ సిమెంటు పడుతుంది. ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. ఆ వారం లోపల తీగ బిగించవద్దు.

[తెర మీద: పటం. మూల స్తంభం, 8 అడుగుల దూరంలో ఊత స్తంభం, పైన అడ్డ పైపు, ఐమూలగా తీగ.]

ఈ పటం దగ్గర వీడియో ఆపి చూడండి. మూల స్తంభం నుంచి కంచె వైపుగా 8 అడుగుల దూరంలో రెండో స్తంభం. రెండింటి మధ్య, 4 అడుగుల ఎత్తుకు కాస్త కింద, అడ్డ పైపు. స్తంభాలు పోత పోయించేటప్పుడే ఆ ఎత్తున 12 ఎంఎం రాడ్డు ముక్క మూడించులు బయటికి ఉండేలా పెట్టిస్తే పైపును దానికి తొడిగితే చాలు. మూల స్తంభానికి రెండు ముఖాల మీద రెండు ముక్కలు కావాలి, ఎందుకంటే అది రెండు వైపులకూ ఊతం ఇవ్వాలి.

తర్వాత ఐమూల తీగ. ఇది మూల స్తంభం అడుగు నుంచి రెండో స్తంభం నెత్తికి పోవాలి. కంచె తీగలు మూల నెత్తిని లోపలికి లాగుతాయి. ఆ లాగుడు పైపు గుండా రెండో స్తంభం నెత్తిని నెడుతుంది. ఆ నెత్తిని మూల అడుగుకు కట్టి పట్టుకునేది ఈ ఐమూల తీగే. తిరగేసి, అంటే మూల నెత్తి నుంచి రెండో దాని అడుగుకు కడితే ఆ తీగ వదులుగా వేలాడుతుంది తప్ప దేన్నీ ఆపదు. మేస్త్రీలు ఎక్కువగా చేసే తప్పు ఇదే. రెండు చుట్లు తిప్పి, మధ్యలో ఇనుప రాడ్డు దూర్చి మెలిపెట్టి బిగించి, రాడ్డును పైపుకు కట్టేయాలి.

ఇంత ఖర్చెందుకు, ఏటవాలుగా ఒక రాయి ఊత పెడితే సరిపోదా అనిపిస్తుంది. బర్రెలకు సరిపోతుంది. మేకలకు ఆ ఏటవాలు రాయి నిచ్చెన. ఒకటి ఎక్కిందంటే మంద అంతా దాని వెనకే.

మూల ఎందుకు కదలకూడదో ఒక లెక్క చెబుతాం. 209 అడుగుల పొడవున ఉన్న తీగను 100 కిలోలకు బిగిస్తే అది సాగేది రెండున్నర అంగుళాలే. మూల ఒక్క అంగుళం లోపలికి వాలితే 40 కిలోల బిగువు మాయమవుతుంది. తీగ మంచిదే, టైట్నర్ మంచిదే, కంచె మాత్రం నెల తిరగకుండానే ఊగుతుంది.

[తెర మీద: తీగ చుట్ట తిరుగుడు స్టాండు మీద తిరుగుతోంది. మనిషి కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు వేసుకున్నాడు.]

మధ్య కడీలు రెండడుగుల లోతులో, అన్నిటికన్నా కింది తీగను ముందుగా లాగి దాని వెంబడి వరుసగా పాతండి. తీగ చుట్టను చేత్తో పట్టుకొని విప్పడం ప్రమాదం. ఇది స్ప్రింగులా ఎగిరి ముఖానికి తగులుతుంది. తిరుగుడు స్టాండు మీద పెట్టి, చివర పట్టుకొని నడవాలి. కట్ చేసేముందు రెండు చివరలూ కాలి కింద అదిమి పెట్టండి. కళ్లద్దాలు లేకుండా ఈ పని వద్దు.

ఎనిమిది తీగల ఎత్తులు నేల నుంచి అంగుళాల్లో: 4, 9, 14, 19, 25, 32, 40, 48. కింద దగ్గర దగ్గరగా, పైకి పోయేకొద్దీ దూరంగా. మేక తల దూర్చేది కిందే, పైన బర్రె మెడ పెట్టకుండా ఆపితే చాలు. బర్రెలు, ఎడ్లు మాత్రమే ఉంటే ఐదు తీగలు చాలు.

చివర కట్టే తీరు: తీగను మూల స్తంభం చుట్టూ తిప్పి, దాని మీదికే తెచ్చి, రెండు స్లీవులు తొడిగి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాలి. రెండు ముక్కలు కలపాల్సి వస్తే మూడు స్లీవులు. బైండింగ్ వైరులా ప్లాసుతో మెలిపెట్టవద్దు. ప్లాసు పన్ను దిగిన చోట గాటు పడుతుంది, బిగువు మీద ఉన్న తీగ సరిగ్గా ఆ గాటు దగ్గరే తెగుతుంది. వంపు కూడా అంతే, మొండిగా మడత పడ్డ చోటు కోసేసి మళ్లీ కలపడమే.

మధ్య కడీలకు తీగను బిగించి కట్టవద్దు. ముండ్ల తీగ కట్టిన అలవాటుతో ప్రతి కడీకి చుట్టి లాగుతారు. అప్పుడు బర్రె ఒరిగిన బరువంతా ఆ 15 అడుగుల ముక్క మీదే పడుతుంది. వదులుగా, జారేలా కడితే 209 అడుగుల తీగ మొత్తం ఆ బరువును పంచుకుంటుంది. సిమెంటు కడీ రంధ్రం గుండా పోతే జింకు గీసుకుపోతుంది, ఒక డ్రిప్ లేటరల్ పైపు ముక్క తొడగండి. రెండు కడీల మధ్య ఒక నిలువు కర్ర కడితే తీగలు ఎడం కావు.

[తెర మీద: టైట్నర్ తిప్పుతున్న చెయ్యి. తర్వాత రెండు కడీల మధ్య తీగకు వేలాడదీసిన 5 కిలోల రాయి, పక్కన స్కేలు.]

టైట్నర్ ప్రతి వైపు, ప్రతి తీగకు నడిమిలో ఒకటి. ఒకే టైట్నర్‌తో నాలుగు మూలలూ తిప్పి లాగితే మూల రాపిడికి బిగువు ఆగిపోతుంది, దూరపు వైపు వదులుగానే ఉంటుంది. ముందు అన్ని తీగలూ సగం బిగువుకు తెచ్చి, ఒక రాత్రి వదిలి, మర్నాడు పూర్తిగా బిగించండి. మూల మెల్లగా సర్దుకుంటుంది.

బిగువు ఎంతుందో కొలిచే పరికరం లేకపోయినా పర్వాలేదు. నిలువు కర్రలు కట్టకముందే, 15 అడుగుల దూరం ఉన్న రెండు కడీల మధ్య సరిగ్గా నడిమిలో 5 కిలోల బరువు వేలాడదీయండి. తీగ రెండుంపావు అంగుళం దిగితే 100 కిలోలు. నాలుగున్నర దిగితే 50 కిలోలే. ఒకటిన్నరే దిగితే 150, తగ్గించాలి.

ఏ పూట బిగిస్తున్నారనేది కూడా చూడాలి. మే మధ్యాహ్నం మన దగ్గర ఎండలో తీగ 55 డిగ్రీలకు పోతుంది, డిసెంబరు తెల్లవారుజామున 15 దగ్గర ఉంటుంది. ఆ 40 డిగ్రీల తేడాకు బిగువులో 45 నుంచి 50 కిలోల తేడా వస్తుంది. మండే ఎండలో 100కు బిగిస్తే చలికాలంలో మూల మీద ఎనిమిది తీగలకు కలిపి ఇంకో 400 కిలోలు కూర్చుంటుంది. పొద్దున్నే, తీగ 25, 30 డిగ్రీలు ఉన్నప్పుడు బిగించండి. వేసవిలో 65, 70కి దిగుతుంది, చలికి 120 దాటదు, రెండూ తట్టుకునేవే.

[తెర మీద: సోలార్ ఝట్కా మిషన్, నేలలో దిగిన మూడు రాడ్లు.]

ఉన్న మాట చెప్పాలి. కరెంటు లేని ఎనిమిది తీగల కంచె పెద్ద మేకలను ఆపుతుంది, నెల పిల్లలను, మట్టి తవ్వే కుక్కలను ఆపదు. వాటికి ఝట్కా మిషన్, అంటే తీగలోకి కరెంటు దెబ్బలు పంపే మిషన్ కావాలి, లేదా కింద రెండున్నర అడుగులకు జాలి కట్టాలి. ఎకరానికి ఒక జౌల్ మిషన్ చాలు, జౌల్ అంటే దెబ్బ బలానికి కొలత. అది సెకనుకు ఒకసారి, సెకనులో వందో వంతు కూడా ఉండని దెబ్బ కొడుతుంది. వోల్టేజి వేలల్లో ఉన్నా అందుకే ప్రాణం తీయదు.

మోటారు కరెంటును నేరుగా తీగకు పెట్టడం వేరే సంగతి. అడవి పందుల కోసమని పెట్టిన ఆ తీగలకు తెలంగాణలో ఎందరో రైతులు, పిల్లలు చనిపోయారు. దయచేసి ఒక్క రాత్రికి కూడా ఆ పని చేయకండి. ముండ్ల తీగకు ఝట్కా కూడా పెట్టవద్దు, చిక్కుకున్న జీవి విడిపించుకోలేదు.

మన చెలకల్లో ఝట్కా పని చేయకపోవడానికి అసలు కారణం ఎర్తింగు. దెబ్బ తగలాలంటే కరెంటు మేక కాళ్ల నుంచి నేలలోకి, నేల నుంచి మిషన్‌కు తిరిగి రావాలి. ఏప్రిల్‌లో ఎండిన దుబ్బ నేల దాన్ని మోయదు. అందుకే తీగలను ఒకటి విడిచి ఒకటి కలపండి. కింది నుంచి 2, 4, 6, 8 కరెంటుకు, 1, 3, 5, 7 ఎర్తుకు. మేక మూతి రెండింటినీ తాకితే నేలతో పనిలేదు. అడుగు తీగ ఎర్తు కావడం వల్ల గడ్డి తాకినా నష్టం లేదు. ఎర్తు రాడ్లు ఆరడుగులవి మూడు, పదడుగుల ఎడంతో, నీళ్లు పారే చోట. మోటారు ఎర్తుకు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకు 10 మీటర్ల దూరం తప్పనిసరి.

కరెంటు తీగ కడీకి తాకే ప్రతి చోటా ఇన్సులేటర్ ఉండాలి. ఎండిన రాయి కరెంటును ఆపినట్టే కనిపిస్తుంది, వాన పడ్డ రాత్రి మొత్తం లీకవుతుంది. డ్రిప్ లేటరల్ ముక్క ఇక్కడ పనికిరాదు. మిషన్‌కు దూరంగా ఉన్న మూల దగ్గర టెస్టర్‌తో చూస్తే 4,000 వోల్టులు రావాలి. నెల్లూరు జాతికి ఒంటి మీద వెంట్రుకే కాబట్టి అంత చాలు, ఉన్ని ఉండే దక్కని గొర్రెలకు 5,000 ఉంచండి. కొత్త మందను ముందు రెండు రోజులు చిన్న దొడ్డిలో ఇదే తీగతో కట్టి, మూతితో తాకి తెలుసుకోనివ్వండి. బెదిరిన గొర్రె వెనక్కి కాదు, ముందుకే దూకుతుంది.

గేటు కింద కరెంటు దాటించడానికి ఇంటి వైరు వాడవద్దు, అది 600, 1,100 వోల్టులకు చేసింది. ఝట్కా కోసమే అమ్మే కేబులును పైపులో పెట్టి అడుగు లోతులో పూడ్చండి, పైపు రెండు చివరలు నీళ్లు దిగకుండా కిందికి వంచండి.

[తెర మీద: వాన తర్వాత కంచె. వయ్యారిభామ మొక్కలు నాలుగో తీగను తాకుతున్నాయి. కొడవలి.]

బిగించిన నెలకు ఒకసారి, మొదటి పెద్ద వానకు ఒకసారి ఆ 5 కిలోల రాయి మళ్లీ వేలాడదీయండి. ఒక్క తీగే వదులైతే టైట్నర్ రెండు పళ్లు తిప్పండి. ఒక వైపు ఎనిమిదీ వదులైతే టైట్నర్లు ముట్టుకోకండి, ఆ వైపు రెండు మూలలకు గుండు దారం వేలాడదీసి ఏది వాలిందో చూడండి. ఐమూల తీగలో దూర్చిన రాడ్డును ఇంకో రెండు మెలికలు తిప్పితే చాలావరకు అది నిటారుకు వస్తుంది.