బీరువాలో పడున్న పాత లెన్సుని కొత్త కెమెరాకి తగిలిద్దాం

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కింద కూర్చోండి, పర్లేదు, చేత్తో పట్టుకుని చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి, దూరం నుంచి కనపడవు.

మన వైపు చిన్న టౌన్‌లో కూడా నాలుగైదు ఫోటో స్టూడియోలు ఉండేవి కదా, వాటిలో పెంటాక్స్ కె1000లు, నికాన్ ఎఫ్ఎంలు, యాషికాలు ఉండేవి, పెళ్ళిళ్ళన్నీ వాటితోనే తీశారు. డిజిటల్ వచ్చాక ఆ బాడీలు మూలన పడ్డాయి, వాటితోపాటు వాటికున్న లెన్సులు కూడా పడ్డాయి. బాడీ పాతబడిందంటే ఒప్పుకుంటా, మరి లెన్స్ ఏం పాపం చేసింది? ఆ 50 ఎంఎం లెన్సులు ఇప్పటికీ మంచి బొమ్మ ఇస్తాయి, కానీ బీరువాల్లో, తోలు కేసుల్లో ఫంగస్ పట్టి చచ్చిపోతున్నాయి, లేదంటే ఎర్రగడ్డ ఆదివారం మార్కెట్‌లో పాత రేడియోల పక్కన దుమ్ములో తేలుతున్నాయి. వాటిని మళ్ళీ పనిలో పెట్టాలి, నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది దానికోసమే. ఎలా పెట్టాలో అర్థం కావాలంటే ఒక్క కొలత తెలిస్తే చాలు, మిగతాదంతా దాన్నించే వస్తుంది.

ఆ కొలత పేరు ఫ్లాంజ్ దూరం. బాడీ మీద లెన్స్ వచ్చి కూర్చునే ఇనప రింగు ఉంటుంది చూశారా, అక్కణ్ణించి బొమ్మ పడే సెన్సార్ దాకా (పాత కెమెరాల్లో ఫిల్మ్ దాకా) ఎంత దూరమో అది. ఎస్ఎల్ఆర్‌లలో, అంటే లోపల అద్దం ఉన్న పాత ఫిల్మ్ కెమెరాల్లో, మధ్యలో అద్దం ఎగిరి పడాలి కాబట్టి ఆ దూరం ఎక్కువ ఉండేది. మౌంట్ అంటే లెన్స్ బాడీకి తగిలే పద్ధతి, ఎం42 స్క్రూ మౌంట్‌కి 45.46 ఎంఎం, పెంటాక్స్ కె మౌంట్‌కి కూడా అంతే, నికాన్ ఎఫ్‌కి 46.5, మినోల్టా ఎండీకి 43.5, కానన్ ఎఫ్‌డీకి 42. ఇప్పటి మిర్రర్‌లెస్‌లో అద్దం తీసేశారు, సోనీ ఇ మౌంట్ 18 ఎంఎం, కానన్ ఆర్ఎఫ్ 20, ఫ్యూజీ ఎక్స్ 17.7, నికాన్ జెడ్ అయితే 16 ఎంఎమ్మే. అంటే ఎం42 లెన్సుని సోనీ బాడీ ముందు 27.46 ఎంఎం దూరంలో నిలబెడితే, ఆ లెన్సుకి తను పాత కెమెరా మీదే ఉన్నట్టు లెక్క. అడాప్టర్ అని మీరు కొనేది ఆ 27.46 ఎంఎం ఖాళీ గొట్టమే, లోపల గాజు లేదు, కరెంటు లేదు, ఏమీ లేదు. అందుకే వెయ్యి, రెండు వేల రూపాయలకి దొరుకుతుంది, అందుకే బొమ్మ క్వాలిటీ కూడా ఏం తగ్గదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. మీ దగ్గర నికాన్ డీఎస్ఎల్ఆర్, అంటే అద్దం ఉన్న డిజిటల్ కెమెరా ఉంది, దానికి ఎం42 లెన్స్ పెడదామనుకున్నారు. బాడీ దూరమే 46.5, లెన్స్ అడిగేది 45.46, అంటే అడాప్టర్ మందం సున్నా అనుకున్నా లెన్స్ ఒక ఎంఎం ముందుకే ఉంటుంది. ఒక ఎంఎమ్మే కదా అనిపిస్తుంది, కానీ లెక్క కట్టండి, 50 ఎంఎం లెన్సుకి 50 ఇంటూ 50 బై 1, అంటే 2500 ఎంఎం, రెండున్నర మీటర్లు దాటితే ఏదీ ఫోకస్ అవ్వదు, అడాప్టర్ మందం కూడా కలిస్తే ఇంకా దగ్గరికొచ్చేస్తుంది. పోర్ట్రెయిట్ వరకు లాగొచ్చు, దూరంగా ఉన్న గుడి గోపురం మాత్రం మర్చిపోవాలి. మధ్యలో గాజు పెట్టిన అడాప్టర్లు కూడా అమ్ముతారు ఇన్ఫినిటీ, అంటే బాగా దూరంలో ఉన్నవాటికి ఫోకస్, వస్తుందని, నా మాట విని చవకవి కొనకండి, ఆ గాజు మంచి లెన్సుని కూడా మసకబారుస్తుంది. కానన్ డీఎస్ఎల్ఆర్ అయితే 44 ఎంఎం కాబట్టి ఎం42కి ఒకటిన్నర ఎంఎం చోటు మిగుల్తుంది, సన్నటి రింగుతో పనైపోతుంది, కాకపోతే ఫుల్‌ఫ్రేమ్, అంటే ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సార్ ఉన్న బాడీల్లో కొన్ని లెన్సుల వెనక భాగం అద్దానికి తగులుతుంది, అది ముందే చూసుకోవాలి.

విచిత్రం ఏంటంటే కానన్ సొంత పాత లెన్సులు కానన్ డీఎస్ఎల్ఆర్‌కి ఎక్కవు. 1987లో ఈఓఎస్ కెమెరాలు తెచ్చినప్పుడు ఎఫ్‌డీ మౌంట్‌ని వదిలేశారు, పాతది 42, కొత్తది 44. మినోల్టా కూడా 1985లో ఆటోఫోకస్ మౌంట్‌కి మారినప్పుడు తన రోకోర్ లెన్సుల్ని అలాగే వదిలేసింది. ఆ లెన్సులన్నీ ఇరవై ఏళ్ళకి పైగా దిక్కులేకుండా పడున్నాయండి. 2008లో మైక్రో ఫోర్ థర్డ్స్, 2010లో సోనీ నెక్స్ అనే మిర్రర్‌లెస్‌లు, 2013లో ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌తో ఏ7 వచ్చేసరికి ఒక్కసారిగా వాటికి మళ్ళీ ఇల్లు దొరికింది. నికాన్ కథ వేరు, 1959 నాటి ఎఫ్ మౌంట్‌నే కొనసాగించారు కాబట్టి పాత లెన్స్ కొత్త డీఎస్ఎల్ఆర్‌కి నేరుగా ఎక్కుతుంది, కానీ 1977కి ముందు వచ్చిన నాన్ ఏఐ లెన్సుని (వెలుగు రంధ్రం సంగతి బాడీకి చెప్పే రింగు అమరిక మారకముందు రకం) కొన్ని బాడీల మీద బలవంతంగా తిప్పితే రింగు పక్కనున్న చిన్న ట్యాబ్ విరుగుతుంది, తెలిసినవాళ్ళకి చూపించకుండా పెట్టకండి.

సరే, ఇదిగో ఇది హీలియోస్ 44-2. మీలో సగంమంది దీనికోసమే వచ్చారని తెలుసు. 58 ఎంఎం, ఎఫ్ 2, సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చేది, మూలం జర్మనీలోని యేనాలో కార్ల్ జైస్ వాళ్ళు చేసిన బయోటార్ డిజైన్. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది, అంతా లోహమే. అపెర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం, దానికి రెండు రింగులు ఉన్నాయి చూడండి, ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఒకటి టిక్ టిక్ మంటుంది, దాన్ని ఎఫ్ 5.6 దగ్గర పెట్టా అనుకోండి, బ్లేడ్లు కదల్లేదు. రెండోది మెత్తగా తిరుగుతుంది, దాన్ని తిప్పితే ఎఫ్ 2 నుంచి మెల్లగా మూసుకుంటూ సరిగ్గా 5.6 దగ్గర ఆగుతుంది, ఎనిమిది బ్లేడ్లు, రంధ్రం దాదాపు గుండ్రంగానే ఉంటుంది. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, కన్ను వ్యూఫైండర్ నుంచి తియ్యకుండానే ఆగేదాకా తిప్పి క్లిక్ కొట్టడం, దీని పద్ధతి అది. షార్ట్ ఫిల్మ్స్ తీసేవాళ్ళకి ఈ రెండో రింగు బంగారం, షాట్ నడుస్తుండగానే టిక్కులు లేకుండా వెలుగు తగ్గించొచ్చు.

దీని వెనకాల బ్యాక్‌గ్రౌండ్ సుడి తిరుగుతుంది అంటారు, నిజమే, కానీ అన్నిచోట్లా తిరగదు. ఫ్రేమ్ అంచుల్లో లెన్స్ గొట్టమే కొంత వెలుగుని కోసేస్తుంది, అందుకని గుండ్రంగా ఉండాల్సిన వెలుగు చుక్కలు పిల్లి కళ్ళలా సన్నబడతాయి, డిజైన్‌లో ఉన్న ఆస్టిగ్మాటిజం అనే లోపం దానికి తోడై ఆ చుక్కలన్నీ మధ్య చుట్టూ తిరుగుతున్నట్టు కనపడతాయి. అది రావాలంటే మనిషిని ఒకటిన్నర, రెండు మీటర్లలో నిలబెట్టి, వెనక కొన్ని మీటర్ల దూరంలో చింతచెట్టు లాంటిది ఉండాలి, చిన్న చిన్న ఆకులు, మధ్యలోంచి వెలుగు, అపెర్చర్ ఎఫ్ 2. వెనక సున్నం గోడ పెడితే ఏ సుడీ ఉండదు. ఏపీఎస్-సి, అంటే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్ మీద అంచులు కట్ అయిపోతాయి కాబట్టి బాగా తగ్గిపోతుంది, పైగా 58 కాస్తా 87 ఎంఎం లెన్స్ చూపించేంతే చూపిస్తుంది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. సుడి కోసమే కొంటే నెలలో బోర్ కొడుతుంది. ఇదే లెన్స్ ఎఫ్ 5.6 దగ్గర చాలా షార్ప్‌గా ఉంటుంది, మార్కెట్‌లో, పొలంలో, ఇంట్లో మామూలు ఫోటోలకి హాయిగా సరిపోతుంది, అలా వాడండి. అసలైతే ఎవ్వరూ మాట్లాడుకోని పెంటాక్స్ 50 ఎంఎం ఎఫ్ 1.7, కానన్ ఎఫ్‌డీ 50 ఎంఎం ఎఫ్ 1.8 లాంటివి ఇంకా తిన్నగా, ఇంకా శుభ్రంగా బొమ్మ ఇస్తాయి, ధర కూడా తక్కువ. మీ బాబాయి గారి స్టూడియోలో ఉండే అవకాశం కూడా వాటికే ఎక్కువ.

కెమెరాలో చెయ్యాల్సినవి కొన్నున్నాయి. పాత లెన్స్ ఉందన్న సంగతి బాడీకి తెలీదు, అందుకని లెన్స్ లేకుండా షటర్ పడేలా మెనూలో ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చెయ్యకపోతే క్లిక్ పడదు, అడాప్టర్ పాడైందని వాపసు పంపేసినవాళ్ళున్నారు. మోడ్ డయల్ అపెర్చర్ ప్రయారిటీలో పెడితే ఎక్స్‌పోజర్ బాడీయే చూసుకుంటుంది, లెన్స్ మీద మీరు ఎంత మూస్తే అంత వెలుగు కొలుస్తుంది. బాడీలో స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకుని సరిచేసేది) ఉంటే ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ మీద రాసున్న ఎంఎం అంకె, చేత్తో ఎంటర్ చెయ్యాలి, 58 అయితే 58 కొట్టండి, దగ్గర్లో ఉన్నది ఏదైనా పర్లేదు, అంతేగానీ క్రాప్ లెక్కేసి 87 కొట్టకండి, అలా కొడితే సెన్సార్ అవసరానికి మించి కదిలి బొమ్మ ఇంకా చెడుతుంది. ఫోకస్ పీకింగ్ అంటే అంచుల్లో రంగు మెరుస్తుంది కదా, దాన్ని దారి చూపించేదానిగా మాత్రమే తీసుకోండి, ఎఫ్ 2 దగ్గర అది చెవిని కూడా, ముక్కుని కూడా ఒకేసారి మెరిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో 58 ఎంఎం, ఎఫ్ 2, ఒకటిన్నర మీటర్ల దూరం అంటే ఫోకస్‌లో ఉండేది సుమారు 8 సెంటీమీటర్లు, మీరు ఊపిరి పీల్చుకుంటే అందులో ఒకటో రెండో పోతాయి. అందుకని జూమ్ బటన్ నొక్కి కంటి రెప్ప వెంట్రుకలు చూసి ఫోకస్ చెయ్యండి. ఎదురుగా సూర్యుడుంటే పాత కోటింగ్‌ల వల్ల బొమ్మంతా పాలిపోతుంది, లెన్స్ ముందు తగిలించే హుడ్ ఒకటి కొనండి, 44-2కి అయితే 49 ఎంఎం థ్రెడ్, చాలా తేడా వస్తుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి అంటే, ఇక్కడ లైట్లు కొంచెం ఆపండి బాబూ, ఫోన్ టార్చ్ వెయ్యండి. లెన్సుని పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ కొద్దిగా ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడాలి. దుమ్ము చుక్కలు కనపడతాయి, కంగారు పడకండి, బొమ్మలో ఏమీ తెలీదు. సాలెగూడులా సన్నటి దారాలు కొమ్మలు వేసుకుంటూ కనపడితే అది ఫంగస్. గాజంతా పొగపట్టినట్టుంటే హేజ్, అది కాంట్రాస్ట్‌ని చంపేస్తుంది. అంచు నుంచి లోపలికి ఇంద్రధనస్సు రంగుల మచ్చ ఉంటే అతికించిన గాజులు విడిపోతున్నట్టు, దాన్ని వదిలెయ్యండి. బ్లేడ్ల మీద నూనె కనపడితే ఫిల్మ్ రోజుల్లో పెద్ద సమస్య, ఎందుకంటే క్షణంలో మూసుకోవాలి, ఇప్పుడు మనం చేత్తో మూస్తున్నాం కాబట్టి దానికోసం బేరం ఆడండి, లెన్స్ మాత్రం వదలకండి. ఏడు ఎలిమెంట్ల సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 చూస్తే గాజు పసుపుగా ఉండొచ్చు, అందులో థోరియం కలిపిన గాజు ఉంది, కొద్దిగా రేడియేషన్ ఉంటుంది, ఫోటోలు తీసుకోవడానికి భయం లేదు, విప్పి గాజుని అరగదియ్యడం లాంటివి మాత్రం చెయ్యొద్దు. ఆ పసుపు అల్ట్రావయొలెట్ లైట్ కింద కొన్నాళ్ళు పెడితే చాలావరకు పోతుంది. ఎండలో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, పెడితే పక్కనే ఉండండి, లెన్స్ వెనకాల ఏదన్నా ఉంటే అంటుకుంటుంది.

ఫంగస్ గురించి ఇంకాస్త చెప్పాలి, మనది ఆ వాతావరణం. విశాఖ, కాకినాడ, బందరు వైపు నుంచి వచ్చినవాళ్ళకి తెలుసు, వానాకాలం రెండు నెలలు బీరువాలో పెడితే చెప్పులకి కూడా బూజు పడుతుంది. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే చాలు, పైగా తోలు కేసు తేమని పట్టి ఉంచుతుంది. కేసు మీద మమకారం ఉంటే విడిగా దాచుకోండి, లెన్సుని అందులో పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడొచ్చు, కానీ నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ ఉంటుంది, దాన్ని వంట మూకుడులో మాత్రం వేడి చెయ్యకండి. ఫంగస్ మొదట్లోనే ఉంటే మెకానిక్ విప్పి తుడిస్తే పోతుంది, ముదిరితే కోటింగ్‌ని, గాజుని కూడా తినేస్తుంది, అప్పుడు తుడిచినా మచ్చ ఉండిపోతుంది. వారానికోసారి బయటికి తీసి వాడటం కంటే మంచి మందు లేదు.

రేంజ్‌ఫైండర్, అంటే అద్దం లేని పాత ఫిల్మ్ కెమెరాల, వైడ్ లెన్సుల గురించి ఎవరో అడిగారు ఇందాక. వాటి వెనక గాజు సెన్సార్‌కి మరీ దగ్గరగా వస్తుంది, వెలుగు అంచుల్లో బాగా ఏటవాలుగా పడుతుంది, ఫిల్మ్‌కి అది ఇబ్బంది కాదు, సెన్సార్ ముందుండే గాజు పొర వల్ల మూలలు అలుక్కుపోతాయి, కొన్నిసార్లు రంగు కూడా మారుతుంది. మొదటి లెన్సుగా అటు వెళ్ళకండి. 50 ఎంఎం ఎస్ఎల్ఆర్ లెన్సుతో మొదలుపెట్టండి, తర్వాత 135 ఎంఎం ఒకటి, అవి కూడా చవకే.

నా మాటలు ఇంతటితో ఆపేస్తా. సోనీ, ఫ్యూజీ వాళ్ళకి ఈ బల్ల మీద అడాప్టర్లు రెడీగా ఉన్నాయి, నికాన్ జెడ్‌కి ఒక్కటే ఉంది కాబట్టి వంతులవారీగా తీసుకోండి. ఇంటి నుంచి పాత లెన్సులు తెచ్చినవాళ్ళు కిటికీ దగ్గరికి రండి, ముందు టార్చ్ వేసి చూద్దాం, ఫంగస్ ఉన్నవాటిని మిగతావాటి పక్కన పెట్టకండి.