స్మార్ట్ టీవీ వచ్చింది, తెలుగు మాస్టారు ఎప్పుడొస్తారు?

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాతో నెట్టుకొస్తున్న పిల్లల గురించి కాసేపు మాట్లాడుకుందాం.

బడిలో టెక్నాలజీ మన దేశానికి కొత్తేమీ కాదండి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు, ఆ ప్రయోగాన్ని సైట్ అనేవారు. కోళ్ల జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, ఊరందరికీ ఒకటే టీవీ, పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఒడిశా పల్లెలకు ఒడియాలో, ఆంధ్ర పల్లెలకు తెలుగులో, అంతే. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. ఆ ప్రయోగంలో నాకు నచ్చింది మాత్రం టీవీ కాదు, ఆ ఏడాదే వేలమంది టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పించడం.

ఇప్పుడు యాంటెన్నా గొడవ లేదు. 2017లో దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్ వచ్చింది, పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్లో పాఠం తెరుచుకుంటుంది. ఆంధ్ర బోర్డు, తెలుగు మీడియం ఎంచుకుంటే మీరు మహేంద్రతనయ నదికి ఏ ఒడ్డున ఉన్నారని ఎవరూ అడగరు. బావుంది. కానీ మన పిల్ల పరీక్ష రాసేది ఒడియా పుస్తకం చూసి కదా, భిన్నాలు ఒడియాలో అర్థంకాక బిక్కమొహం వేస్తే పక్కన కూర్చుని తెలుగులో విడమరచి చెప్పే మనిషి కావాలి, ఆ పని వీడియో చెయ్యదు.

చట్టాలకేం తక్కువ? 1956లోనే రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమని రాష్ట్రాలకు చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా అంది. అయినా ఓ తెలుగు మాస్టారు రిటైరైతే కొన్ని బళ్లలో ఆ కుర్చీ ఏళ్లతరబడి ఖాళీ. నన్నడిగితే కారణం సింపుల్. బడికి స్మార్ట్ టీవీ ఒకసారి కొంటే అయిపోతుంది, ఫొటో కూడా వస్తుంది. మాస్టారికి నెలనెలా జీతం ఇవ్వాలి. చదువుకు జాతీయాదాయంలో ఆరు శాతం పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 విధానం మళ్లీ అదే అంకె రాసుకుంది, ఇంకా చేరలేదు.

చేతకాదని మాత్రం ఎవరూ అనకండి. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర అనే ఆదివాసీ భాష నేర్చుకుని, సవర పిల్లలకు పుస్తకాలు రాసి బళ్లు నడిపారు. ఒడిశా ప్రభుత్వం కూడా చాలా ఏళ్లుగా కొన్ని ఆదివాసీ భాషల్లో చిన్న తరగతులు నడుపుతోంది. నిజానికి ఆ పిల్లల కష్టం మనకన్నా పెద్దది, వాళ్లకు నది దాటితే దొరికే రెడీమేడ్ పాఠాలు లేవు.

ఒక పని చేయండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఈసారి మీటింగుకు వెళ్లినప్పుడు ఒకటో తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఎంతమందో, వాళ్లకు తెలుగులో చెప్పగలిగే టీచరు ఎవరో మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ లెక్క కాగితం మీద లేకపోతే రేపు పోస్టు అడగడానికి మన చేతిలో ఆధారమే ఉండదు.