డ్యామ్ నిండితే భూమి కదులుతుందా?

అందరికీ నమస్కారం.

2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనూ జనం ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత చాలామంది నన్ను అడిగింది ఒకటే: గోదావరి మీద కట్టిన ప్రాజెక్టుల వల్లేనా ఇది? అలా అనలేం. 1969లోనే భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇప్పుడు మనం వేలెత్తి చూపే బరాజ్‌లు అప్పటికి లేవు. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయి, అవి అప్పుడప్పుడూ కదులుతాయి.

అలాగని మనిషి చేతుల్లో ఏమీ లేదనుకోవద్దు. మన పక్క రాష్ట్రంలోని కోయనా సంగతి చూడండి.

మహారాష్ట్రలో సతారా జిల్లా. 103 మీటర్ల ఎత్తున డ్యామ్ కట్టి, 1960ల మొదట్లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. దక్కన్ రాతినేల, ఇక్కడ భూకంపాల భయం లేదనే అప్పట్లో అందరి నమ్మకం. నీళ్లు చేరాక చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున, ఊళ్లన్నీ నిద్రలో ఉండగా, 6.3 తీవ్రతతో భూమి కంపించింది. సుమారు 200 మంది చనిపోయారు. డ్యామ్ పైభాగం బీటలు వారినా తెగలేదు. తెగి ఉంటే కింద ఉన్న ఊళ్ల గతి ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నీళ్లకు అంత శక్తి ఎక్కడిది? నిజానికి ఆ శక్తి నీళ్లది కాదు. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం, అంటే భూమి పైపొరలోని పెద్ద ముక్క, ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి రాళ్లలో ఎప్పటినుంచో పేరుకుని ఉంది. పగులుకు రెండు వైపులా ఉన్న రాళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. జలాశయం బరువు కొంత, లోతుకు ఇంకిన నీటి పీడనం అంతకన్నా ఎక్కువగా, ఆ పట్టును సడలిస్తాయి. ఎప్పుడో రావాల్సిన భూకంపం ముందే వస్తుంది. అమెరికాలోని ఓక్లహోమాలో చమురు బావుల ఉప్పునీటిని భూమి లోపలికి పంపినప్పుడు జరిగిందీ ఇదే. అక్కడ 2016లో 5.8 తీవ్రత దాకా వెళ్లింది.

కోయనాను దశాబ్దాలుగా గమనిస్తున్నది మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలే. భూకంప శాస్త్రవేత్త హర్ష్ గుప్తా పరిశోధనలో తేలిన ఒక విషయాన్ని ఇంజినీర్లు తప్పక గుర్తుంచుకోవాలి. అక్కడ 5 దాటిన భూకంపాలు, నీటిమట్టం వారానికి 12 మీటర్లకు మించి పెరిగిన తర్వాతే వచ్చాయి. అంత వేగంగా నిండిన ప్రతిసారీ వస్తాయని కాదు. నీళ్లు గత గరిష్ఠ మట్టాన్ని దాటడం, పైమట్టంలో ఎక్కువకాలం నిలవడం కూడా లెక్కలోకి వస్తాయి. లోపల ఏం జరుగుతోందో నేరుగా చూడటానికి అక్కడ 3 కిలోమీటర్ల లోతున బోరు కూడా వేశారు.

ఇక వాతావరణ మార్పు. వేడెక్కితే భూకంపాలు పెరుగుతాయని టీవీల్లో చెప్పేదంతా నమ్మకండి. పెద్ద భూకంపాలను నడిపేది ఫలకాల కదలికే. కానీ నేల మీది బరువు మారితే పగుళ్లకు తెలుస్తుంది. మంచుయుగం ముగిసి మంచు కరిగాక, స్వీడన్ ఉత్తరాన పెద్ద భూకంపాలు వచ్చిన గుర్తులున్నాయి. నేపాల్ హిమాలయాల్లో చిన్న ప్రకంపనలు వానాకాలంలో తగ్గి, చలికాలంలో పెరుగుతాయి. గంగా మైదానంలో చేరే వాననీటి బరువే దానికి కారణమని పరిశోధకులు చెబుతున్నారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఇంకోటి. వానలు ఇప్పుడు నెలంతా కురవాల్సింది రెండు మూడు రోజుల్లో కురిసిపోతున్నాయి. అంటే రిజర్వాయర్లు ఒక్కసారిగా నిండుతాయి. కోయనాలో మనం భయపడాల్సి వచ్చింది సరిగ్గా ఆ వేగానికే. వరద అంచనా వేసేవాళ్లు, గేట్లు ఎత్తేవాళ్లు, భూకంప పరికరాలు చూసేవాళ్లు ఒక్క గదిలో కూర్చోవాలి. కింద పగుళ్లున్న ప్రతి పెద్ద జలాశయం దగ్గరా, నీళ్లు నింపడానికి ముందే భూమి కంపనాలను నమోదు చేసే సీస్మోమీటర్లు పెట్టాలి. ఆ రికార్డులు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కూడా అందాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.